కంపెనీలు మంచివా, చెడ్డవా? ఏడో తరగతి అడిగిన ప్రశ్న



కిందటి నెల ఏడో తరగతిలో ఒక డిబేట్ పెట్టాం. అంశం ‘ప్రపంచ సమస్యల పరిష్కారంలో వ్యాపారాల పాత్ర’. ఒక అమ్మాయి లేచి, ఫ్యాక్టరీల వల్లే చెరువులు, వాగులు పాడవుతున్నాయని గట్టిగా చెప్పింది. క్లాసంతా చప్పట్లు కొట్టింది. రెండో వరుసలో ఒక బాబు మాత్రం కొట్టలేదు. పీరియడ్ అయ్యాక నా దగ్గరికి వచ్చి, “మిస్, మా నాన్న మందుల కంపెనీలో పనిచేస్తారు. అంటే మా నాన్న చెడ్డపని చేస్తున్నట్టా?” అని అడిగాడు.

అప్పటికి తోచిన నాలుగు మాటలు చెప్పి పంపాను కానీ, నాకే తృప్తిగా అనిపించలేదు. మీలో చాలామంది కంపెనీల్లో ఉద్యోగాలు చేస్తున్నారు. కొందరు సొంత వ్యాపారాలు నడుపుతున్నారు. ఇదే ప్రశ్న రేపు మీ ఇంట్లో భోజనాల దగ్గర రావచ్చు. అందుకే ఆ బాబు చెప్పిన మందుల పరిశ్రమనే తీసుకుని, ఈ విషయాన్ని కాస్త వివరంగా చూద్దాం.

యాభై రూపాయల టీకా

హెపటైటిస్ బి అనేది కాలేయాన్ని దెబ్బతీసే వైరస్. రక్తం ద్వారా, కాన్పు సమయంలో తల్లి నుంచి బిడ్డకు సోకుతుంది. పసితనంలో సోకితే చాలామందిలో జీవితాంతం ఉండిపోయి, పెద్దయ్యాక కాలేయ క్యాన్సర్‌కు కూడా దారితీయవచ్చు. దీన్ని ఆపే టీకా 1980లలోనే వచ్చింది. కానీ 1990ల మొదట్లో మన దేశంలో దొరికేది దిగుమతి టీకా. ఒక్కో డోసుకు వందల రూపాయలు. ఒక బిడ్డకు మూడు డోసులు కావాలి. మామూలు కుటుంబాలకు అది అందని మాట.

నెల్లూరు జిల్లా నుంచి వచ్చిన ఎలక్ట్రానిక్స్ ఇంజినీరు కె.ఐ. వరప్రసాద్ రెడ్డి గారు ఈ టీకాను ఇక్కడే తయారుచేయాలని 1993లో హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ స్థాపించారు. ఉస్మానియా యూనివర్సిటీలోనూ, సీసీఎంబీలోనూ పరిశోధన సాగింది. ఒమన్ నుంచి పెట్టుబడి వచ్చింది. 1997లో శాన్‌వాక్-బి మార్కెట్లోకి వచ్చింది. డోసు ధర సుమారు 50 రూపాయలు. తర్వాత ఇతర భారతీయ కంపెనీలు కూడా ఈ టీకా తయారుచేయడంతో ధరలు ఇంకా తగ్గాయి. 2002లో కొన్ని ప్రాంతాల్లో ప్రయోగాత్మకంగా మొదలైన హెపటైటిస్ బి టీకా, 2011 నాటికి దేశమంతటా పిల్లలకు ప్రభుత్వమే ఉచితంగా వేసే టీకాల్లో చేరింది.

ఇది దానధర్మం కాదు, వ్యాపారమే. 2009లో ఫ్రాన్స్‌కు చెందిన సనోఫీ ఈ కంపెనీని కొనుక్కుంది. లాభం కోసం నడిచే సంస్థే అయినా, ఒక పెద్ద సమస్యకు చౌకైన పరిష్కారం చూపించింది.

అదే పరిశ్రమ, ఇంకో ముఖం

ఇప్పుడు హైదరాబాద్ శివార్లలోని పటాన్‌చెరు వెళ్దాం. అక్కడి మందుల ఫ్యాక్టరీల నుంచి దేశదేశాలకు ఔషధాలు వెళ్తాయి. సుమారు 90 ఫ్యాక్టరీల వ్యర్థజలాలను శుద్ధి చేసే ఉమ్మడి ప్లాంట్ నుంచి బయటికి వచ్చే నీటిని స్వీడన్ పరిశోధకులు పరీక్షించి, 2007లో ఫలితాలు ప్రచురించారు. శుద్ధి అయ్యాక కూడా లీటరు నీటిలో 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉంది. ఆ మందు వాడే రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే ఇది ఎక్కువ. ఆ నీరు ఇసకవాగులోకి, అక్కడి నుంచి నక్కవాగులోకి, మంజీర మీదుగా గోదావరి వైపు వెళ్లేది.

నీళ్లలో యాంటీబయాటిక్ ఉంటే ఏమవుతుంది? బలహీనమైన బ్యాక్టీరియా చచ్చిపోతుంది. మందుకు లొంగనిది మిగిలి, పెరుగుతుంది. తర్వాత మనకు జబ్బు చేస్తే ఆ మందు పనిచేయకపోవచ్చు. మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల 2019లో ప్రపంచవ్యాప్తంగా నేరుగా 12.7 లక్షల మంది చనిపోయారని పరిశోధకుల అంచనా. మందులను అతిగా, అడ్డదిడ్డంగా వాడటం దీనికి ముఖ్య కారణం. ఫ్యాక్టరీ వ్యర్థాలు దానికి తోడవుతాయి. ఆ బ్యాక్టీరియాకు ఊరి పొలిమేర, దేశ సరిహద్దు ఏవీ అడ్డు కావు.

ఎందుకిలా?

ఒకే పరిశ్రమ ప్రాణం పోస్తూ, నీళ్లను ఎలా పాడు చేస్తుంది? యజమానులు చెడ్డవారు కాబట్టి అని పిల్లలు వెంటనే అంటారు. అసలు కారణం లెక్కల్లో ఉంది. ముడిసరుకు, కరెంటు, జీతాలు కంపెనీ ఖర్చులో కనిపిస్తాయి. పాడైన వాగు ఖరీదు మాత్రం ఆ పుస్తకంలో కనిపించదు. అది వాగు పక్కన వ్యవసాయం చేసే రైతు ఖాతాలో పడుతుంది. లాభం ఒకరిది, నష్టం ఊరిది. పైగా, ఒక కంపెనీ నీటిని బాగా శుద్ధి చేస్తే దాని మాత్ర ఖరీదు పెరుగుతుంది. కొనేవాళ్లు ధర ఒక్కటే చూస్తే, శుద్ధి చేయని కంపెనీకే ఆర్డర్ వెళ్తుంది.

కాబట్టి మంచితనం ఒక్కటే సరిపోదు. నియమం అందరికీ ఒకటే కావాలి. దాన్ని అమలు చేసే పొల్యూషన్ బోర్డు గట్టిగా ఉండాలి. 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టం అందుకే వచ్చింది. యాంటీబయాటిక్ ఫ్యాక్టరీల వ్యర్థాల గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో మార్గదర్శకాలు విడుదల చేసింది. కొనే ఆసుపత్రులు, ప్రభుత్వాలు ధరతో పాటు దీన్ని కూడా చూడటం మొదలుపెడితే, శుభ్రంగా తయారుచేసే కంపెనీ నష్టపోదు.

మరి సీఎస్‌ఆర్?

‘కంపెనీలు సీఎస్‌ఆర్ చేస్తాయి కదా’ అని డిబేట్‌లో ఒకరు అన్నారు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం, 500 కోట్ల నికర విలువ, లేదా 1000 కోట్ల టర్నోవర్, లేదా 5 కోట్ల నికర లాభం ఉన్న కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం విద్య, ఆరోగ్యం, పర్యావరణం వంటి పనులకు ఖర్చు పెట్టాలి. ఇది 2014 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. ఎన్నో ప్రభుత్వ బడులకు టాయిలెట్లు, తాగునీటి ప్లాంట్లు ఇలా వచ్చాయి.

అయితే పిల్లలకు ఒక తేడా చెప్పాలి. సీఎస్‌ఆర్ అనేది వచ్చిన లాభంలో 2 శాతాన్ని ఎలా ఖర్చు పెట్టారన్నది. బాధ్యత అనేది ఆ లాభం మొత్తాన్ని ఎలా సంపాదించారన్నది. ఒక చేత్తో వాగును పాడుచేసి, ఇంకో చేత్తో ఊరికి వాటర్ ట్యాంక్ కట్టిస్తే లెక్క సరిపోదు. మన స్కూలు కూడా మీరు కట్టే ఫీజులతో నడిచేదే. ల్యాబ్‌లో మిగిలిన కెమికల్స్ ఎక్కడ పారబోస్తున్నారు, బస్సుల పొగ పరీక్ష ఎప్పుడు చేయించారు అని పేరెంట్స్ మీటింగ్‌లో మమ్మల్ని అడగండి.

ఈ నెల ఇంట్లో

1. మందుల డబ్బా తీసి, ఏ స్ట్రిప్ మీద నిలువుగా ఎర్ర గీత ఉందో పిల్లలతో వెతికించండి. డాక్టర్ చీటీ లేకుండా వాడకూడదని దాని అర్థం. ప్రభుత్వం 2016లో ఈ గీత గురించి ప్రచారం మొదలుపెట్టింది.

2. జలుబు చేసిందని మెడికల్ షాపులో అడిగి యాంటీబయాటిక్ కొనకండి. పోయినసారి మిగిలినవి వేయకండి. గడువు దాటిన మందులు సింక్‌లో పారబోయకండి.

3. మీ ఉద్యోగం గురించి పిల్లలకు చెప్పండి. మీ సంస్థ ఎవరికి ఉపయోగపడుతోంది, దాని చెత్త ఎటు పోతోంది అన్న రెండు ప్రశ్నలకూ జవాబు చెప్పండి.

ఆ బాబుతో మళ్లీ మాట్లాడాను. “మీ నాన్న చేసిన మాత్ర ఎవరి జ్వరాన్నో తగ్గిస్తుంది. అది మంచి పనే. ఫ్యాక్టరీ నీళ్లు ఏమవుతున్నాయని అడగడం కూడా మంచి పనే. రెండింటికీ గొడవ లేదు” అన్నాను. రెండు రోజుల తర్వాత వచ్చి, “నాన్నని అడిగాను మిస్. వాళ్ల దగ్గర నీళ్లు శుద్ధి చేసే ప్లాంట్ ఉందట. రోజూ శాంపిల్ తీస్తారట. ఆ తర్వాత నీళ్లు ఎటు పోతాయో నాన్నకి కూడా సరిగ్గా తెలీదట. కనుక్కుని చెప్తానన్నారు” అన్నాడు.

ఆయన ఏం చెప్తారోనని క్లాసంతా ఎదురుచూస్తోంది. చప్పట్లు కొట్టించుకున్న ఆ అమ్మాయి కూడా.

మీ పిల్లల క్లాస్ టీచర్