పేరు అదే, ఫ్యాక్టరీ వేరు: లీవర్ రైఫిల్ ఎందుకు మొరాయించింది?

ప్రశ్న: "మాది రాజంపేట పక్క. కువైట్‌లో మిష్రిఫ్‌లో ఒక ఇంట్లో డ్రైవర్‌గా చేస్తాండా. మా బాబా, అంటే ఇంటి యజమాని, దివానియాలో (అతిథులు కూచునే గదిలో) చాయ్ ఇచ్చేటప్పుడు ఒక వాదన విన్యా. మార్లిన్ అనే లీవర్ తుపాకీ ఫ్యాక్టరీ మారినాక చెడిపోయిందని అమెరికాలో చదివొచ్చినాయన ఒకరు అంటాడు. ఇప్పుడొచ్చేవి పాతవాటికంటే మేలని ఇంకొకాయన. పేరు అదే, నమూనా అదే అయినప్పుడు యాడ చేస్తే ఏమి సార్? తేడా ఎందుకొస్తాది?"

ఇద్దరూ నిజమే చెప్పారు. ఒకరు చెప్పింది 2011 తర్వాతి మాట, ఇంకొకరు చెప్పింది 2021 తర్వాతి మాట. మధ్యలో ఏం జరిగిందో తెలియాలంటే ముందు ఆ తుపాకీ లోపలికి చూడాలి.

ట్రిగ్గర్ చుట్టూ వేళ్లు దూర్చడానికి ఇనుప కడియంలా ఉండేదే లీవర్. దాన్ని కిందికి తోస్తే లోపలి బోల్ట్ వెనక్కి జరుగుతుంది, పేలిపోయిన తూటా తాలూకు ఖాళీ గుల్ల బయట పడుతుంది. బ్యారెల్ కింద ఉన్న పొడవాటి గొట్టంలో తూటాలు ఒకదాని వెనక ఒకటి వరసగా ఉంటాయి. అందులోంచి ఒకటి, ఒక్కటే, వెనక్కి వచ్చి క్యారియర్ అనే చిన్న పలక మీదికి చేరాలి. లీవర్‌ను మళ్ళీ పైకి లాగితే ఆ పలక తూటాను ఎత్తుతుంది, బోల్ట్ దాన్ని బ్యారెల్‌లోకి నెడుతుంది, చివరికి ఒక ఇనుప దిమ్మ లేచి బోల్ట్‌ను బిగిస్తుంది. చెయ్యి ఒక్కసారి కిందికీ పైకీ ఆడేలోపు ఇదంతా అయిపోవాలి. క్యారియర్ కొంచెం ఆలస్యంగా లేచినా, ఇంకో తూటా దాని కిందికి జారినా తుపాకీ బిగుసుకుపోతుంది.

ఒక భాగం ఇంకో భాగాన్ని తోస్తుంది, అది మరోదాన్ని. ఒక్కోదానిలో 0.05 మిల్లీమీటర్ల తేడా ఉందనుకోండి, పట్టించుకోనక్కర్లేనంత చిన్నది. అలాంటి తేడాలు అయిదు ఒకే వైపుకి కూడితే 0.25 మిల్లీమీటర్లు. అంత తేడాకు పలక లేవాల్సిన క్షణం మారిపోతుంది. బోల్ట్‌ను చేత్తో తిప్పి లాగే మామూలు రైఫిల్‌లో ఇన్ని భాగాలు ఒకదాని మీద ఒకటి ఆధారపడవు. అందుకే లీవర్ తుపాకీలో చివరి సర్దుబాటు ఫిట్టర్ చేతిలో, అతని ఆకురాయిలో ఉండేది.

జాన్ మార్లిన్ 1870లో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రం న్యూ హేవెన్‌లో ఈ కంపెనీ పెట్టాడు. తర్వాత ఫ్యాక్టరీ పక్కనే ఉన్న నార్త్ హేవెన్‌కు మారింది. 1948లో వచ్చిన 336 మోడల్ జింకల వేటకు వెళ్ళే ఇళ్ళల్లో తండ్రి నుంచి కొడుక్కి వెళ్ళే తుపాకీ అయింది. 2007 చివర్లో రెమింగ్టన్ ఈ కంపెనీని కొంటున్నట్టు ప్రకటించింది. 2011లో నార్త్ హేవెన్ ఫ్యాక్టరీ మూతపడి, తయారీ ప్రధానంగా న్యూయార్క్ రాష్ట్రంలోని ఇలియన్‌కు వెళ్ళింది. యంత్రాలు లారీలెక్కాయి. వాటిని నడిపిన మనుషుల్లో చాలామంది వెళ్ళలేదు.

ఆ యంత్రాల్లో చాలావరకు అరిగిపోయిన పాతవి. ఏ యంత్రం ఎటు లాగుతుందో, ఎంత తక్కువ కోయించాలో దాని ముందు ఏళ్ల తరబడి నిలబడినవాడికి తెలుసు. కాగితం మీద ఉన్న డ్రాయింగ్‌లకూ నిజంగా తయారవుతున్న భాగాలకూ పొంతన తప్పి చాలాకాలమైంది. ఒంటిమిట్ట దగ్గరి మాధవరంలో నేతగాడి పాత మగ్గాన్ని విప్పి వేరే ఊళ్ళో బిగిస్తే ఏమవుతుందో మీ వైపు వాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. ఇలియన్‌లోనూ అదే జరిగింది. కొత్త పనివాళ్ళు డ్రాయింగ్ ప్రకారమే చేసినా భాగాలు ఒకదానితో ఒకటి కుదరలేదు. గురి చూసే మేకు పక్కకు వాలింది, చెక్కకూ ఇనుముకూ మధ్య సందు కనిపించింది, లీవర్ గరగరమంది. కొన్నవాళ్ళు ఆ తుపాకులకు 'రెమ్‌లిన్' అని పేరు పెట్టారు, మెచ్చుకోలుగా కాదు.

అలాగని ఊరు మారడమే తప్పనుకోకండి. మార్లిన్‌కు పోటీదారైన వించెస్టర్ కథ దీనికి ఎదురు సాక్ష్యం. 1964లో ఆ కంపెనీ ఊరు మారలేదు, న్యూ హేవెన్ ఫ్యాక్టరీలోనే ఉంది. ఖర్చు తగ్గించడానికి తన లీవర్ రైఫిల్ 94 మోడల్‌ను మార్చింది. చెక్కి తయారు చేసే క్యారియర్ స్థానంలో రేకును అచ్చుకొట్టి పెట్టింది. ఈనాటికీ 1964కు ముందువి ఎక్కువ ధర పలకడానికి కారణం అదే. 2006లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది, ఇప్పుడు వించెస్టర్ పేరుతో లీవర్ రైఫిళ్లను జపాన్‌లోని కోచిలో మిరోకు కంపెనీ చేస్తోంది. మిరోకు అంతకుముందే దశాబ్దాలుగా బ్రౌనింగ్ కంపెనీకి తుపాకులు చేసి పెడుతోంది, పని నేర్చుకున్న చేతులు అక్కడ సిద్ధంగా ఉన్నాయి. కొత్తగా చేర్చిన సేఫ్టీ మీట నచ్చనివాళ్ళు ఉన్నారు గానీ, పనితనాన్ని తప్పుపట్టేవాళ్ళు తక్కువ. సముద్రం దాటినా నాణ్యత నిలిచింది. పక్క రాష్ట్రానికి వెళ్ళినది చెడింది.

మరి తయారీ చోటు మారినా వస్తువు అదేనని ఎలా తేల్చాలి? దీనికి ఉదాహరణ మీ మిష్రిఫ్‌లోనే ఉంది. 2021లో అక్కడి ఎగ్జిబిషన్ హాళ్ళు కువైట్‌లోని పెద్ద వ్యాక్సిన్ కేంద్రం. ఆ ఏడాది ఫిబ్రవరి మొదట్లో దేశానికి వచ్చిన ఆక్స్‌ఫర్డ్-ఆస్ట్రాజెనెకా డోసులు, 2 లక్షలు, పుణేలోని సీరమ్ ఇన్‌స్టిట్యూట్‌లో తయారైనవి. అదే వ్యాక్సిన్ దక్షిణ కొరియాలోనూ తయారయ్యేది. ఫిబ్రవరి 15న ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుమతిచ్చినప్పుడు, ఫార్ములా ఒకటే కదా అని ఒక్క సంతకంతో సరిపెట్టలేదు. పుణేదాన్నీ కొరియాదాన్నీ విడివిడిగా పరిశీలించి, విడివిడిగా జాబితాలో చేర్చింది. పద్ధతి అంటే అది. ఫార్ములా చేతులు మారినంత మాత్రాన పనితనం చేతులు మారదు, కొత్త చోట మళ్ళీ మొదటి నుంచి కొలిచి రుజువు చేసుకోవాలి. తుపాకీ మనిషి చెంప పక్కన పేలే వస్తువు. దానికి ఇంతకంటే తక్కువ జాగ్రత్త చాలదు.

2020లో రెమింగ్టన్ దివాలా తీసింది. మార్లిన్ పేరునూ యంత్రాలనూ డ్రాయింగ్‌లనూ రూగర్ కంపెనీ దాదాపు 3 కోట్ల డాలర్లకు కొన్నది. వెంటనే అమ్మకాలు మొదలుపెట్టి ఉంటే పాత కథే మళ్ళీ జరిగేది. రూగర్ ఏడాదికి పైగా ఆగింది. నార్త్ కరోలినాలోని మేయొడాన్‌లో కంప్యూటర్ నడిపే కొత్త సీఎన్‌సీ యంత్రాలకు తగ్గట్టు తయారీ పద్ధతిని తిరగరాసుకుంది. పాత ఫిట్టర్ ఆకురాయితో సరిచేసిన తేడా అసలు పుట్టకుండానే చూడటం దాని దారి. 2021 డిసెంబరులో మొదటి రైఫిల్, 1895 అనే మోడల్, బయటికి వచ్చింది. 336 మళ్ళీ కనబడటానికి 2023 దాకా పట్టింది. ఆ ఆలస్యమే నాకు ఈ కంపెనీ మీద నమ్మకం కలిగించింది.

ఇక దివానియాలో మళ్ళీ వాదన వస్తే, ఏ ఏడాది తుపాకీ గురించి మాట్లాడుతున్నారని అడగమనండి. సీరియల్ నంబరు ముందు ఎం.ఆర్. అని ఉంటే రెమింగ్టన్ కాలంది, ఆర్.ఎం. అని ఉంటే రూగర్ చేసింది. అంతకంటే పాతవాటి బ్యారెల్ మీద జాన్ మార్లిన్ పేరులోని జె.ఎం. ముద్ర ఉంటుంది. ఆ ముద్ర ఒక్కటే చూసి తేల్చకూడదు, ముద్ర పడి మిగిలిపోయిన బ్యారెళ్లను ఇలియన్‌లో కూడా మొదట్లో వాడారు. రెమింగ్టన్ చేసినవన్నీ పనికిరానివనీ అనలేం. చివరి ఏళ్లలో ఆ కంపెనీ కూడా యంత్రాలు మార్చి చాలావరకు సరిదిద్దుకుంది. కాబట్టి కొనేవాళ్ళు మందు లేని డమ్మీ తూటాలు గొట్టం నిండా వేసి, లీవర్‌ను ఒకసారి మెల్లగా, ఒకసారి జోరుగా ఆడించి చూస్తారు. రెండు విధాలా తూటాలు ఆగకుండా ఎక్కి దిగితే అది మంచి తుపాకీయే, ఏ ఊళ్ళో చేసినా.