తాతల తలుపు... కొత్తింటి గుమ్మం

ఊళ్లో పాత ఇల్లు పడగొట్టే రోజున అన్నదమ్ములంతా వస్తారు. పెంకులు ఒకరికి, దూలాలు ఇంకొకరికి. స్థలం సంగతి కాగితాల మీద ఎప్పుడో తేలిపోయి ఉంటుంది. చివరికి మిగిలేది వీధి తలుపు. రెండు రెక్కలు, వాటి మీద ఇత్తడి పువ్వులు, పైకమ్మి మీద గజలక్ష్మి. 'అది నాకు కావాలి' అని ఎవరో ఒకరంటారు. వ్యానులో వేసుకుని హైదరాబాదుకో విజయవాడకో తెచ్చుకుంటారు. అసలు కథ అక్కణ్నుంచే మొదలు!

ముందు భయపెట్టేది బరువు. 6 అడుగుల ఎత్తు, 4 అడుగుల వెడల్పు, 2 అంగుళాల మందంతో నిండు టేకు తలుపైతే 70 కిలోల దాకా తూగుతుంది. ద్వారబంధం దానికి అదనం. మూడో అంతస్తు ఫ్లాటుకైతే లిఫ్టులో పడుతుందో లేదో ముందే కొలుచుకోవాలి. లేదంటే నలుగురు మనుషులు, మెట్లు, ఇరుగుపొరుగు సలహాలు!

తాతల్లేని తలుపులూ దొరుకుతాయి. తమిళనాడులోని కారైకుడిలో, చెట్టినాడు ఇళ్లు విప్పినప్పుడు వచ్చిన సామాను అమ్మే దుకాణాలున్నాయి. అక్కడైనా ఇక్కడైనా బర్మా టేకు అనేసరికి ధర పెరుగుతుంది. ఒకప్పుడు కోస్తా ఊళ్లకు ఆ టేకు రంగం నుంచి ఓడల మీద వచ్చేది. రంగమంటే మన పెద్దవాళ్ల నోట రంగూన్. టేకు చేవలో సహజంగానే నూనె ఉంటుంది కాబట్టి చెదలు తొందరగా పట్టవు. మామిడి కర్రకు ఆ ధీమా లేదు. అనుమానంగా ఉంటే తలుపును పాత పేపర్ల మీద పడుకోబెట్టి, రెండ్రోజులాగి చూస్తే చాలు. పిండిలాంటి పొడి రాలిందంటే పురుగు ఇంకా లోపలే ఉందన్నమాట. మందు పెట్టించకుండా ఇంట్లోకి తేకూడదు.

ఇక రంగు. తరాల తరబడి ఒకదాని మీద ఒకటి వేసిన పూతలను గీకించి, లోపలి కర్ర చూడాలని అందరికీ ఉబలాటమే. ఇక్కడే కాస్త ఆగాలి. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన ఎనామిల్ రంగుల్లో, ముఖ్యంగా గడపకు ఇష్టంగా వేసే పసుపుపచ్చలో, ఎరుపులో సీసం ఎక్కువగా ఉండే అవకాశముంది. పొడిగా గీకితే ఆ దుమ్ము ఇల్లంతా పరుచుకుంటుంది. పాకే పిల్లలు చేతులు నోట్లో పెట్టుకుంటారు. అందుకే ఆ పని ఇంట్లో వద్దు. బయట, తడి చేస్తూ, మాస్కు కట్టుకుని చేయించాలి. మంట పెట్టి రంగు కాల్చడం అంతకన్నా ప్రమాదం.

పాత తలుపులు చాలావాటికి బందులుండవు. రెక్క అంచునే పైనా కిందా బొడిపెల్లా చెక్కి, ఒకదాన్ని పైకమ్మి రంధ్రంలో, రెండోదాన్ని గడపలోని గుంటలో నిలబెట్టేవారు. బరువంతా గడప మీదే. ఏ వందేళ్లయినా తలుపు ఒరగకపోవడానికి రహస్యం అదే. ప్లైవుడ్డుకు అలవాటుపడిన వడ్రంగి చూడగానే అనే మాట, 'ఆ బొడిపెలు కోసేసి బందులు వేద్దాం సార్!' పని సులువే కానీ, బరువు మొత్తం పై బందు మీద వేలాడుతుంది. నాలుగేళ్లలో స్క్రూలు వదులై రెక్క నేలను రాసుకుంటుంది. గడప బాగుంటే బొడిపెల్ని అలాగే ఉంచడం మేలు. అయితే రెక్కల్ని తర్వాత తగిలించడం కుదరదు. ద్వారబంధం బిగించేటప్పుడే వాటినీ కూర్చాలి.

బందులు తప్పనిసరైతే రెక్కకు మూడైనా ఉండాలి. మూడోది మధ్యలో కాదు, పైదానికి దగ్గరగా. ముదిరిన టేకులో ఇత్తడి స్క్రూ తిప్పితే తల ఊడొస్తుంది. ముందు సన్నగా రంధ్రం చేసి, అదే కొలత ఇనుప స్క్రూ ఎక్కించి తీసేసి, ఆ దారిలో సబ్బు రాసిన ఇత్తడి స్క్రూ పెట్టాలి.

గుమ్మం నిలబెట్టేటప్పుడు తాపీమేస్త్రి చేతిలో తూకం గుండు, రసమట్టం రెండూ ఉండాల్సిందే. పరీక్ష చాలా తేలిక. రెక్కను సగం తెరిచి వదిలితే అక్కడే నిలవాలి. తనంతట తాను మూసుకుంటోందంటే ద్వారబంధం ఒరిగినట్టే. 35 కిలోల రెక్క అలా మూసుకుంటే మధ్యలో పిల్లల వేళ్లున్నాయేమో ఎవరు చూస్తారు?

అన్నిటికన్నా బాధపెట్టే పొరపాటు మాత్రం టైల్స్ కంటే ముందే తలుపు బిగించడం. సిమెంటు, టైలు కలిసి నేల రెండంగుళాల దాకా లేస్తుంది. అప్పుడు తలుపు తెరుచుకోదు. రంపం తెమ్మంటారు. కింది అంచున తీగలా పాకిన చెక్కడం చెత్తబుట్ట పాలు. ఒకసారి కోసింది మళ్లీ అతకదు. అందుకే నేల పూర్తయ్యే దాకా తలుపును నీడలో, పలకల మీద, నేలకు తగలకుండా ఉంచాలి. కొత్తింటి గాలికి కర్ర అలవాటు పడటానికీ ఆ రెండు మూడు వారాలు పనికొస్తాయి. వానాకాలంలో బిర్రుగా ఉందని చిత్రిక పట్టిస్తే, వేసవిలో సందులోంచి వీధి కనిపిస్తుంది.

ఎత్తు తక్కువైందా? గోడలో 7 అడుగుల ఖాళీ ఉంటే, మిగిలిన అడుగులో గాజు పలకో కమ్మీలో పెట్టించుకోవచ్చు. పాత కర్రకు ముక్క అతికించడం కన్నా అదే అందం. తాళం కోసం నిలువు చెక్కను తొలిపించడం కూడా వద్దు. గొలుసు, గొళ్లెం అలాగే ఉంచి, బయట ఇనుప గ్రిల్లుకు తాళం వేసుకుంటే సరి.

'ఒకింట్లో వాడిన కర్ర కొత్తింటి సింహద్వారానికి పనికిరాదు' అనే పెద్దలుంటారు. వాళ్లతో వాదించి గెలిచినవారు తక్కువ. చాలా ఇళ్లలో తలుపు హాలుకూ లోపలి గదికీ మధ్యకు చేరుతుంది. నిజానికి ఎండావానా తగలని ఆ చోటే దానికి మంచిది.

పాలిష్ కుర్రాడికి అప్పగించే ముందు రెక్కల వెనక వైపు ఓసారి చూడాలి. పాల లెక్కల సుద్ద గీతలు, ధాన్యం బస్తాల అంకెలు, ఎవరో పుట్టిన తేదీ... ఏదో ఒకటి ఉండొచ్చు. అలాంటివేమైనా కనిపిస్తే, ఆ వైపు గరుకు కాగితం తగలనివ్వొద్దని ముందే చెప్పాలి. చెప్పకపోతే సాయంత్రానికి నున్నగా మెరిసిపోతుంది!