ఎయిర్ షో: డాబా మీద నుంచి కనిపించనివి

ఉత్తరాయణం వచ్చిందంటే సూరత్‌లో ఇంటి లోపల ఉండేవాళ్లు తక్కువ. తాపీ నదికి పడమటి ఒడ్డున ఉన్న అడాజన్‌లోనూ డాబాలన్నీ పతంగులతో, పాటలతో నిండిపోతాయి. మగ్గాల పని కోసం తెలంగాణ నుంచి వెళ్లి సూరత్‌లో స్థిరపడిన పద్మశాలి కుటుంబాలకూ ఈ డాబా పండగ అలవాటైపోయింది. ఆకాశంలో ఏదైనా చూడాలంటే డాబా ఎక్కాలి, అంతే. హైదరాబాద్‌లో బేగంపేట చుట్టుపక్కల ఉండేవాళ్ల లెక్క కూడా అదే. పాత విమానాశ్రయంలో విమానాల ప్రదర్శన జరిగినప్పుడల్లా బోయిన్‌పల్లి నుంచి సనత్‌నగర్ దాకా జనం డాబాల మీదే ఉంటారు. టికెట్ అక్కర్లేదు, ట్రాఫిక్ బాధ లేదు, టీ తాగుతూ చూడొచ్చు.

అయితే ఎయిర్ షోను డాబా మీద నుంచి కాకుండా, దాని కోసం గీసిన గీత వెనక నుంచే ఎందుకు చూడాలి? ఈ ప్రశ్నకు జవాబు హైదరాబాద్‌కు ఒక చేదు అనుభవంగా తెలుసు.

2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం మొదలయ్యాక బేగంపేటలో ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి. అదే ఏడాది అక్కడ 'ఇండియా ఏవియేషన్' పేరుతో పౌర విమానయాన ప్రదర్శన మొదలైంది. ఇప్పుడు దాని పేరు 'వింగ్స్ ఇండియా'. రెండేళ్లకోసారి జరుగుతుంది. రెండో ప్రదర్శన 2010 మార్చి 3న ప్రారంభమైంది. ఆ రోజే నౌకాదళానికి చెందిన 'సాగర్ పవన్' జట్టు కిరణ్ విమానాలతో విన్యాసాలు చేస్తుండగా ఒక విమానం పైకి లేవలేక బోయిన్‌పల్లిలో ఒక ఇంటి మీద కూలిపోయింది. అందులో ఉన్న కమాండర్ సురేశ్ కుమార్ మౌర్య, లెఫ్టినెంట్ కమాండర్ రాహుల్ నాయర్ ఇద్దరూ మరణించారు. నేల మీద కొందరు గాయపడ్డారు. సాగర్ పవన్ కథ ఆ రోజుతో ముగిసింది.

ఇక్కడ గమనించాల్సిన విషయం ఒకటుంది. ఆ విమానం పడింది ప్రేక్షకుల మీద కాదు, విమానాశ్రయం గోడకు అవతల. దీన్ని ఒట్టి దురదృష్టం అని వదిలేయలేం. ఎయిర్ షో నిబంధనలు ఎలా పుట్టాయో చూస్తే కారణం తెలుస్తుంది.

1952లో ఇంగ్లండ్‌లోని ఫార్న్‌బరో ప్రదర్శనలో ఒక జెట్ గాల్లోనే విరిగిపోయింది. దాని ఇంజన్లు జనం మీద పడి 29 మంది ప్రేక్షకులు చనిపోయారు. 1988 ఆగస్టు 28న జర్మనీలోని రామ్‌స్టైన్‌లో ఇటలీ జట్టు విమానాలు మూడు ఢీకొన్నాయి. వాటిలో ఒకటి నేరుగా జనంలోకి దూసుకొచ్చింది. పైలట్లతో కలిపి 70 మంది మరణించారు. ఆ జట్టు చేస్తున్నది ఆకాశంలో హృదయాకారం గీసి, మధ్యలోంచి ఒక విమానం బాణంలా దూసుకుపోయే విన్యాసం. ఆ బాణం మొన జనం వైపు ఉంది. అదే కొంప ముంచింది. ఇలాంటి ఘటనల తర్వాత చాలా దేశాల్లో ఒక సూత్రం స్థిరపడింది. విమానానికి ఏమైనా అయితే దాని శకలాలు అప్పటిదాకా వెళ్తున్న దిశలోనే వెళ్తాయి కాబట్టి, ప్రమాదకరమైన విన్యాసాల్లో ఆ దిశ ఎప్పుడూ జనం వైపు ఉండకూడదు. విమానాలు ప్రేక్షకుల గీతకు సమాంతరంగా, దూరంగా వేసుకున్న మరో గీత మీద ఎగరాలి. విమానం వేగం ఎంత ఎక్కువైతే ఈ రెండు గీతల మధ్య దూరం అంత ఎక్కువ ఉండాలి.

ఈ సూత్రం గీత వెనక నిలబడ్డవాళ్లను కాపాడుతుంది. మరి గీతకు అటూ ఇటూ, విమానాలు తిరిగొచ్చే మలుపుల కింద ఉండేవాళ్ల సంగతి? 2015 ఆగస్టు 22న ఇంగ్లండ్‌లోని షోరమ్‌లో పాత హంటర్ జెట్ ఒకటి నిలువు చక్రం కొడుతూ, చక్రం పైకొసకు చేరేసరికి ఉండాల్సిన ఎత్తు కన్నా తక్కువలో ఉంది. దిగివచ్చి పక్కనున్న హైవే మీద పడింది. 11 మంది చనిపోయారు. వాళ్లంతా ఎయిర్‌ఫీల్డ్ బయట ఉన్నవాళ్లే. కొందరు అసలు షో చూడటానికి రాలేదు, కారులో తమ పని మీద తాము వెళ్తున్నారు. బోయిన్‌పల్లికి, షోరమ్‌కు పోలిక ఇక్కడే ఉంది. బేగంపేట కట్టిన రోజుల్లో అది ఊరి చివర. ఇప్పుడు నాలుగు వైపులా ఇళ్లే. రన్‌వే మీద ఎంత కచ్చితంగా గీత గీసినా, దాని కొసలు ఎవరో ఒకరి డాబా మీదికే వెళ్తాయి. ఊరు నడిబొడ్డున జెట్ విన్యాసాలు పెట్టడం ఎంతవరకు సబబు అన్నది అడగాల్సిన ప్రశ్నే. సముద్రం పక్కన పెడితే ఆ చిక్కు చాలావరకు తీరుతుంది. విశాఖ ఆర్.కె. బీచ్‌లో నౌకాదళం చేసే విన్యాసాలకు ఉన్న పెద్ద వెసులుబాటు అదే, విమానాల కింద ఉండేది నీళ్లే.

అలాగని బీచ్ అయితే చాలనీ కాదు. 2024 అక్టోబర్ 6న చెన్నై మెరీనాలో వైమానిక దళం ప్రదర్శనకు లక్షల మంది వచ్చారు. గాల్లో ఏ పొరపాటూ జరగలేదు. నేల మీద మాత్రం ఎండ, తొక్కిడి, దొరకని నీళ్లు, కదలని రోడ్ల మధ్య ఐదుగురు ప్రాణాలు కోల్పోయారు. ఎయిర్ షోకు వెళ్లేవాళ్లు గొడుగు, నీళ్ల సీసా, తిరిగి వెళ్లే దారి ముందే చూసుకోవాలని చెప్పడం చాదస్తంలా అనిపిస్తుంది కానీ, మెరీనా తర్వాత అది చాదస్తం కాదు.

ఇక విన్యాసాల సంగతి. వైమానిక దళానికి చెందిన 'సూర్యకిరణ్' జట్టు 1996లో హైదరాబాద్‌కు పొరుగునే ఉన్న బీదర్‌లో పుట్టింది. మొదట కిరణ్ విమానాలతో, 2015 తర్వాత హాక్ జెట్‌లతో ఎగురుతోంది. తొమ్మిది విమానాలు కొన్ని మీటర్ల ఎడంతో గంటకు వందల కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే చూసేవాళ్లకు గుండె జారుతుంది. నిజానికి ఇక్కడ అసలు కష్టం వేగం కాదు. అన్నీ ఒకే వేగంతో వెళ్తున్నప్పుడు ఒకదానికొకటి దాదాపు నిలబడి ఉన్నట్టే. పక్కపక్కనే వెళ్లే రెండు రైళ్లలో కిటికీ దగ్గర కూర్చున్నవాళ్లకు ఇది తెలుసు. కష్టమంతా ఆ తేడాను మలుపులో, గాలి కుదుపులో కూడా మారనివ్వకపోవడంలో ఉంది. అందుకే పక్కనున్న పైలట్ నేలను చూడడు, ఆకాశాన్నీ చూడడు. ముందున్న విమానం మీద రెండు గుర్తులు ఎంచుకుని, అవి ఒకే వరసలో ఉండేలా కళ్లు అక్కడే నిలుపుతాడు. భూమి ఎంత దూరంలో ఉందో చూసే బాధ్యత నాయకుడిదే.

ఈ నమ్మకానికి మరో ముఖం కూడా ఉంది. 1982 జనవరి 18న అమెరికా 'థండర్‌బర్డ్స్' జట్టు సాధన చేస్తుండగా నాయకుడి విమానం చక్రం కిందికొసలో పైకి లేవలేదు. మిగతా మూడూ దాని వెంటే నేలను తాకాయి. పక్కవాళ్లు చూస్తున్నది నేలను కాదు, నాయకుణ్ని.

రెండు విమానాలు ఎదురెదురుగా వచ్చి ఢీకొన్నంత పని చేసే విన్యాసానికి చప్పట్లు ఎక్కువ. అది చాలావరకు కంటి భ్రమ. ఒకటి ప్రేక్షకులకు కాస్త దగ్గరగా, రెండోది దూరంగా వెళ్తాయి. ఎదురుగా నిలబడ్డవాళ్లకు మధ్యనున్న ఎడం తెలియదు. పక్కనున్న డాబా మీద నుంచి చూస్తే ఆ ఎడం తెలిసిపోతుంది, మజా పోతుంది. చప్పుడు సంగతీ అంతే. ధ్వని సెకనుకు దాదాపు 340 మీటర్లు వెళ్తుంది. కిలోమీటరు దూరంలో ఉన్న జెట్ చప్పుడు మూడు సెకన్లు ఆలస్యంగా వస్తుంది. ఈలోగా విమానం అక్కడి నుంచి అర కిలోమీటరు దాటిపోయి ఉంటుంది. చప్పుడు వచ్చిన వైపు తలెత్తేవాళ్లకు ఖాళీ ఆకాశమే కనిపిస్తుంది.

మలుపులో పైలట్ శరీరానికి ఏమవుతుందన్నది బయటికి కనిపించదు. ఆరు 'జీ'ల మలుపులో 70 కిలోల మనిషి 420 కిలోల బరువు అనుభవిస్తాడు. రక్తం తల నుంచి కాళ్లలోకి జారుతుంది. ముందు రంగులు పోతాయి, తర్వాత చూపు పోతుంది, ఆ తర్వాత స్పృహ. కాళ్లను, పొట్టను బిగించే జీ-సూట్, కండరాలు బిగబట్టి ఊపిరి తీసే పద్ధతి దీన్ని కొంత ఆపుతాయి. విమానం వెనక సాగే తెల్లని పొగ మాత్రం నిజంగా పొగ కాదు. ఇంజన్ వెనక వేడి వాయువుల్లోకి డీజిల్ లాంటి నూనెను చిమ్మితే అది ఆవిరై, బయటి గాలికి చల్లబడి సన్నని తుంపరలా మారుతుంది. రంగులు కావాలంటే అద్దకం కలుపుతారు.

ఏరో ఇండియా జరిగే రోజుల్లో బెంగళూరు యెలహంక చుట్టూ మాంసం అమ్మకాలు ఆపేస్తారు. 2025లో 13 కిలోమీటర్ల మేర ఆపారు. దీని మీద ప్రతిసారీ సామాజిక మాధ్యమాల్లో ఏదో ఒక వాదన నడుస్తుంది. కారణం మాత్రం గద్దలు. వ్యర్థాలు పడేసిన చోట గద్దలు చేరతాయి, కింద ఎగిరే జెట్ ఇంజన్‌లోకి ఒక్క గద్ద వెళ్లినా చాలు.

గాల్లో విన్యాసాలు కొద్దిసేపట్లో అయిపోతాయి. నేల మీద నిలిపిన విమానాలు రోజంతా ఉంటాయి. చాలామంది వాటి ముందు సెల్ఫీ దిగి వెళ్లిపోతారు. ఆగి చూస్తే ఒక్కో వివరానికీ ఒక కథ ఉంటుంది. 2024 జనవరిలో బేగంపేటకు వచ్చిన బోయింగ్ 777-9 రెక్కల కొసలు పైకి మడుచుకుంటాయి. దాదాపు 72 మీటర్ల రెక్కల వెడల్పు నేల మీద 65 మీటర్లకు తగ్గుతుంది. రెక్క ఎంత పొడవైతే ఇంధనం అంత ఆదా, కానీ ఇప్పుడున్న విమానాశ్రయాల గేట్లలో పట్టాలి కదా. యుద్ధ విమానాల ముక్కు దగ్గర సన్నని గొట్టం ఉంటుంది, దానికి ఎర్ర రిబ్బన్ వేలాడుతుంది. ఆ గొట్టంలోకి దూసుకొచ్చే గాలి ఒత్తిడిని బట్టే పైలట్‌కు వేగం తెలుస్తుంది. అందులో కందిరీగ గూడు పెట్టినా వేగం తప్పు చూపిస్తుంది. అందుకే తొడుగు, ఎగిరే ముందు దాన్ని తీయడం మరచిపోకుండా ఎర్ర రిబ్బన్.

వింగ్స్ ఇండియా దాకా ఆగలేనివాళ్లకు విశాఖ బీచ్ రోడ్డులో టీయూ-142 ఉంది. 53 మీటర్ల పొడవు, దాదాపు 50 మీటర్ల రెక్కలు. ఒక్కో ఇంజన్‌కు రెండు ప్రొపెల్లర్లు, ఒకదానికొకటి ఎదురు దిశల్లో తిరుగుతాయి. 1988 నుంచి 2017 దాకా హిందూ మహాసముద్రం మీద జలాంతర్గాముల కోసం గాలించిన ఈ విమానాల దళం 29 ఏళ్లలో ఒక్క ప్రమాదమూ లేకుండా పని ముగించింది. 2017 డిసెంబర్ నుంచి ఇది మ్యూజియం. రోడ్డుకు అవతల కురుసురా జలాంతర్గామిలో దారి చూపేది రిటైరైన నావికులే.

రిటైరైనవాళ్లతో మాటలు కలపడం ఎయిర్ షోలో అన్నింటికన్నా విలువైన భాగం, ఎక్కువమంది వదిలేసుకునేదీ అదే. 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో మిగ్-21 ఆఖరిసారి ఎగిరినప్పుడు, 1963 నుంచి 62 ఏళ్ల పాటు దాన్ని నడిపిన తరాల పైలట్లు అక్కడ చేరారు. మన దగ్గర హైదరాబాద్, సికింద్రాబాద్‌లలో అలాంటివాళ్లు చాలామందే ఉన్నారు. దుండిగల్‌లో వైమానిక దళ అకాడమీ, హకీంపేట, బీదర్ స్థావరాలు దగ్గర్లో ఉండటంతో ఇక్కడే స్థిరపడ్డారు. 1978 నుంచి 1981 దాకా వైమానిక దళాధిపతిగా ఉన్న ఇద్రిస్ హసన్ లతీఫ్ హైదరాబాదీ. 2018లో ఇక్కడే కన్నుమూశారు. దేశ విభజనప్పుడు ఏ దేశపు దళంలో ఉండాలో తేల్చుకోవాల్సి వచ్చిన తరం అది. ఆ తరంతో మాట్లాడే అవకాశం దాదాపు అయిపోయింది. 1965, 1971 యుద్ధాల్లో ఎగిరిన తరం ఇప్పుడు డెబ్బైలు, ఎనభైలు దాటింది.

వాళ్లను ఏమడగాలి? 'ఎన్ని విమానాలు కూల్చారు సార్' అంటే మర్యాదగా నవ్వి ఊరుకుంటారు. తొలిసారి గురువు లేకుండా ఒంటరిగా ఎగిరిన రోజు ఏం జరిగిందో అడిగితే మాట సాగుతుంది. ల్యాండింగ్ ఎప్పుడు భయపెట్టింది, ఏ మీటర్‌ను నమ్మేవారు కాదు, రాత్రుళ్లు విమానాన్ని సిద్ధం చేసిన టెక్నీషియన్ పేరు ఇప్పటికీ గుర్తుందా అని అడగొచ్చు. ఈ చివరి ప్రశ్నకు చాలామంది గుర్తుందనే చెబుతారు. పైలట్ చుట్టూ మూగే జనంలో ఒక్కరైనా పక్కన నిలబడ్డ మాజీ ఎయిర్‌మన్ వైపు తిరగాలి. ఆ ఇంజన్‌ను విప్పి బిగించింది ఆయన. ఇంటర్ కాగానే వైమానిక దళంలో చేరి ఇరవై ఏళ్లు టెక్నీషియన్లుగా చేసి తిరిగొచ్చినవాళ్లు తెలుగు ఊళ్లలో ఉన్నారు. వాళ్లను అడిగి రాసుకున్నవాళ్లే తక్కువ.

ఇలాంటి మాటలు కాలక్షేపం కబుర్లు కావు. పి.వి.ఎస్. జగన్‌మోహన్, సమీర్ చోప్రా కలిసి 1965 వైమానిక యుద్ధం మీద 2005లో తెచ్చిన పుస్తకానికి ఆ యుద్ధంలో ఎగిరినవాళ్ల జ్ఞాపకాలే పెద్ద ఆధారం. 1965 సెప్టెంబర్ 7న స్క్వాడ్రన్ లీడర్ ఎ.బి. దేవయ్య మిస్టీర్ విమానంలో పాకిస్తాన్‌లోని సర్గోదా మీద దాడికి వెళ్లి తిరిగి రాలేదు. ఆయనకేమైందో వెంట వెళ్లినవాళ్లకు తెలియలేదు. తనకన్నా ఎంతో వేగమైన ఎఫ్-104తో ఆయన తలపడి దాన్ని కూల్చిన సంగతి ఏళ్ల తర్వాత, పాకిస్తాన్ వైపు కథనంతో బ్రిటిష్ రచయిత జాన్ ఫ్రికర్ రాసిన పుస్తకంతో బయటికొచ్చింది. అప్పట్లో దేవయ్య స్క్వాడ్రన్‌కు నాయకత్వం వహించిన ఓ.పి. తనేజా పట్టుబట్టి వైమానిక దళానికి రాశారు. 1988లో, 23 ఏళ్ల తర్వాత, దేవయ్యకు మరణానంతరం మహావీర చక్ర ప్రకటించారు.