రాయలసీమలో గ్రామ కావలి వ్యవస్థ

కర్నూలు, కడప ప్రాంతాలలో ఊరి రక్షణ భారాన్ని ఊరివారికే అప్పగించిన పూర్వపు పద్ధతిని గ్రామ కావలి వ్యవస్థ అంటారు. పోలీసు శాఖ ఏర్పడక ముందు నేర నివారణకు ఇదే ప్రధాన ఆధారం. ప్రజల సహకారంతో నేరాలను అరికట్టే నేటి కమ్యూనిటీ పోలీసింగుకు దీనితో పోలికలు ఉన్నాయి.

తలారి విధులు

గ్రామ కావలికాడిని తలారి అంటారు. రాత్రివేళ గస్తీ తిరగడం, పైరుకు కాపు కాయడం, ఊరికి వచ్చిన కొత్తవారిని గమనించడం, నేరం జరిగితే గ్రామ పెద్దకు తెలియజేయడం అతని విధులు. దొంగల అడుగుజాడలను పట్టి వెళ్ళడం కావలివారి ముఖ్యమైన నేర్పు. జాడ పొరుగూరి పొలిమేర దాటితే వెతికే బాధ్యత ఆ ఊరి కావలిపై పడేది. పోయిన సొత్తు దొరకకపోతే కావలివారే నష్టం భరించాలనే ఆచారం దక్షిణ భారతంలో పలుచోట్ల ఉండేది. ఈ సేవకు ప్రతిఫలంగా మాన్యం భూమి, కళ్ళం వద్ద ధాన్యంలో మేర లభించేవి. ఈ సీమలో పలుచోట్ల బోయలు తలారి పని చేసేవారు.

పాళెగాళ్ళ కాలం

విజయనగర సామ్రాజ్య పతనానంతరం పాళెగాళ్ళు బలపడి, గ్రామాల నుండి కావలి రుసుము వసూలు చేయసాగారు. రుసుము చెల్లించని ఊరిని కాపాడవలసినవారే దోచుకొనడం కద్దు. 1800లో నిజాము ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి దత్తం చేసెను. ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో (1800-1807) సుమారు 80 మంది పాళెగాళ్ళ అధికారాన్ని అణచివేశాడు.

కంపెనీ పాలనలో మార్పులు

1802 నాటి నిబంధనలతో మద్రాసు ప్రెసిడెన్సీలో దారోగాల ఠాణా పద్ధతి మొదలైంది. గ్రామ పరిస్థితులు తెలియని దారోగాల వలన ఆశించిన ఫలితం రాలేదు. మన్రో నాయకత్వంలోని కమిషను సిఫారసుల మేరకు 1816లో 11వ రెగ్యులేషను వచ్చింది. దీని ప్రకారం గ్రామ పెద్ద పోలీసు బాధ్యతలు వహించగా తలారి అతనికి సహాయకుడయ్యాడు. చిన్న నేరాలకు గ్రామ పెద్దే శిక్ష విధించవచ్చు. అయితే బొండకొయ్యలో బిగించే శిక్ష తక్కువ కులాలుగా పరిగణించబడిన వారికి మాత్రమే ఉండేది.

కోయిలకుంట్ల ప్రాంతంలో కట్టుబడి బంట్లు అనేవారు ఈనాం భూములు అనుభవిస్తూ కావలి కాసేవారు. ఆ భూములు పోతాయన్న భయంతో వారిలో అనేకులు 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటులో చేరారు. 1847లో కోయిలకుంట్లలో ఆయనను ఉరితీశారు. కావలివాని జీవనాధారాన్ని దెబ్బతీస్తే శాంతిభద్రతలకే ముప్పు కలుగుతుందని ఈ ఘటన తెలుపుతుంది.

రెవెన్యూ ఉద్యోగులే పోలీసు అధికారం చెలాయిస్తూ రైతులను హింసిస్తున్నారని 1855లో విచారణ సంఘం నివేదిక ఇచ్చింది. అనంతరం 1859 మద్రాసు పోలీసు చట్టంతో ప్రత్యేక పోలీసు శాఖ ఏర్పడింది. తలారి మాత్రం గ్రామ నౌకరుగా కొనసాగాడు.

అనుమానిత జాతులు

1911 నేరస్థ జాతుల చట్టం నిఘా భారాన్ని కొన్ని కులాలపై మోపింది. పుట్టుకతోనే నేరస్థులన్న ముద్ర వేసి ఎరుకల వంటి వారిని సెటిల్‌మెంట్లలో ఉంచారు. కర్నూలు జిల్లాలోని సిద్ధాపురం అటువంటిదే. నేరస్థ జాతుల చట్టం దేశవ్యాప్తంగా 1952లో రద్దయింది.

ఇటీవలి కాలం

ఆంధ్రప్రదేశ్‌లో 1984లో కరణం, మునసబు పదవులు రద్దయ్యాయి. గ్రామ రెవెన్యూ సహాయకుని పల్లెలలో నేటికీ తలారి అని పిలవడం కలదు. 2000ల తొలినాళ్ళలో మైత్రి పేరిట పోలీసులు, ప్రజల సంఘాలు ఏర్పడ్డాయి. 2019లో గ్రామ, వార్డు సచివాలయాలలో మహిళా సంరక్షణ కార్యదర్శులను నియమించారు.

ప్రాముఖ్యత

స్థానిక పరిజ్ఞానం, జవాబుదారీతనం గ్రామ కావలి వ్యవస్థకు బలాలు. కులాధిక్యత, రక్షణ పేరిట వసూళ్ళు దాని బలహీనతలు. ముఠా కక్షలకు గురైన ఈ సీమ గ్రామాలలో స్థానికుల సహకారం ఎంత అవసరమో, ఆ సహకారం ఒక వర్గం చేతి ఆయుధం కాకుండా చూడడం అంతే అవసరం.