ఆఫీసు కొలువుకు ఎన్ని చొక్కాలు? కోయంబత్తూరు, మదురై తెలుగు ఇళ్ల లెక్క

కోయంబత్తూరు, మదురై ప్రాంతాల పాత తెలుగు పల్లెలలో ఇంట తెలుగు, బడిలో తమిళం, కొలువులో ఆంగ్లం అన్న క్రమం తరాలుగా సాగుతున్నది. దుస్తులలోనూ ఇటువంటి మార్పే వచ్చినది. తాత పంచె, తువ్వాలుతో సేద్యం చేశాడు. తండ్రి నూలు మిల్లు వేడిలో బనియనుతో పనిచేశాడు. కుమారునికి బ్యాంకులోనో, సాఫ్టువేరు సంస్థలోనో ఉద్యోగం రాగానే ఇంటిల్లిపాదీ బట్టల దుకాణానికి బయలుదేరుతారు. మొదటి జీతం చేతికి రావటానికి కనీసం నెల పడుతుంది. ఈ లోపల అప్పు తెచ్చి పది జతలు కొని, వాటిలో నాలుగింటిని పెట్టె అడుగున మరచిపోయే ఇళ్లు తక్కువేమీ కావు.

చిత్రమేమనగా, ఇది బట్ట పుట్టే నేల. కోయంబత్తూరులో జి. కుప్పుస్వామి నాయుడు 1910లో లక్ష్మీ మిల్స్‌ను ప్రారంభించారు. 1930ల మొదట్లో పైకారా జలవిద్యుత్తు అందుబాటులోకి వచ్చిన తరువాత ఆ పరిసరాలలో మిల్లులు వరుసగా లేచాయి. వాటిలో పెక్కింటి వెనుక తెలుగు కుటుంబాల పెట్టుబడి ఉన్నది. మదురైలో హార్వీ సోదరుల మిల్లు 1974లో కోట్స్ సంస్థతో కలిసి మదురా కోట్స్ అయినది. దాని శాఖగా పుట్టిన మదురా గార్మెంట్స్, లూయీ ఫిలిప్, వాన్ హ్యూసెన్, అలెన్ సోలీ పేర్లతో దేశమంతటా ఆఫీసు చొక్కాలు అమ్మి, 1999లో ఆదిత్య బిర్లా వర్గం చేతికి వెళ్లినది. పెద్ద నగరాల ఉద్యోగి ఒంటిమీది చొక్కా పేరులో మదురై ఉండగా, మదురై పల్లె యువకుడు ఏ చొక్కా కొనాలో తెలియక తడబడటం విచారకరమే.

ఉద్యోగంలో చేరే రోజుకు మూడు చొక్కాలు, రెండు ప్యాంట్లు, ఒక జత బూట్లు, ఒక బెల్టు చాలును. లేత నీలం, తెలుపు, సన్నని గీతలది ఒకటి. ప్యాంట్లలో ముదురు నీలం, బూడిద రంగు. ఈ మూడూ ఆ రెంటితో ఎట్లా కలిపినా ఆరు విధాలుగా కుదురుతాయి. మెరిసే బట్ట, పెద్ద పూలు, ఎర్ర ప్యాంటు పెళ్లికి పనికివస్తాయి గాని ఆఫీసుకు కాదు. నల్ల ప్యాంటు అందరూ కొంటారు. బస్సు దుమ్ము అంతా దాని మీదనే కనపడుతుంది.

సాధారణంగా జూన్, జూలైలలో చదువు ముగిసినవారు ఉద్యోగాలలో చేరుతారు. ఆ వెంటనే జూలై మధ్య నుండి ఆగస్టు మధ్య వరకు తమిళుల ఆడి మాసం. దుకాణాలన్నిటా తగ్గింపు అమ్మకాలు జరిగేది అప్పుడే. కనుక మిగిలిన రెండు చొక్కాలు, మూడవ ప్యాంటు మొదటి జీతంతో ఆడిలో కొనటమే లాభం. ఒకటి కొంటే రెండు ఉచితం అన్న పలకను చూసి తొందరపడరాదు. కొలత కుదరని ఉచితం దండగే.

బట్టను గుర్తించటం నేత కుటుంబాలకు కొత్త గాదు. నూలు కౌంటు సంఖ్య పెరిగిన కొద్దీ దారం సన్ననిదవుతుంది. 40 కౌంటు బట్ట కొంచెం మోటుగా, గట్టిగా ఉంటుంది; 80 మెత్తగా, ఖరీదుగా ఉంటుంది. మదురై ఎండకు అచ్చమైన నూలు హాయి. అయితే నూలు త్వరగా నలుగుతుంది, రోజూ ఇస్త్రీ కోరుతుంది. పల్లె నుండి గంటన్నర బస్సులో నిలబడి వచ్చేవానికి సగం నూలు, సగం పాలియెస్టరు కలిసిన బట్ట ఎక్కువ అక్కరకు వస్తుంది. పాలియెస్టరు పాలు మరీ హెచ్చితే చెమట పీల్చదు, వాసన పట్టుకుంటుంది. పాలక్కాడు కనుమ గాలి తగిలే కోయంబత్తూరులో ఈ ఇబ్బంది కొంత తక్కువ.

కుట్టించుకొనదలచినవారు 58 అంగుళాల పన్నా బట్టలో నిండు చేతుల చొక్కాకు సుమారు 1.6 మీటర్లు, ప్యాంటుకు 1.2 నుండి 1.3 మీటర్లు తీసుకొంటారు. నూలు బట్టను ఒక రాత్రి నీట నానబెట్టి ఆరవేసిన తరువాతనే దర్జీకి ఇవ్వాలి. లేనిచో మొదటి ఉతుకులోనే కురచవుతుంది. తిరుమల నాయకుడు కట్టించిన మదురై పుదుమండపంలో స్తంభాల నడుమ దశాబ్దాలుగా కుట్టుమిషన్లు నడిచాయి. ఆ దుకాణాలను ఇటీవలి సంవత్సరాలలో కున్నత్తూర్ సత్రం భవనానికి తరలించారు. వెదకుతూ వచ్చే పల్లె వారు ఇది గమనించవలెను.

కొలతలో మూడే చూడాలి. భుజం కుట్టు భుజపుటెముక కొనన ఉండాలి. కాలరు గుండీ పెట్టిన తరువాత రెండు వేళ్లు దూరాలి. చేతుల అంచు మణికట్టు ఎముక దగ్గర ఆగాలి. నడుము వదులైతే దర్జీ సరిచేయగలడు, భుజం తప్పితే చేయలేడు.

ఇక పంచె సంగతి. 2014 జూలైలో చెన్నై చేపాక్కంలోని క్రికెట్ సంఘం క్లబ్బులోనికి పంచె కట్టుకొని వెళ్లిన హైకోర్టు న్యాయమూర్తి డి. హరిపరంతామన్‌ను రానీయలేదు. మరుసటి నెలలోనే తమిళనాడు శాసనసభ, వేష్టి లేదా ఇతర భారతీయ సంప్రదాయ దుస్తుల కారణంగా బహిరంగ స్థలాలలో ప్రవేశం నిరాకరించరాదని చట్టం చేసినది. 2019లో సచివాలయ ఉద్యోగులకు ఇచ్చిన ఉత్తర్వులోనూ పురుషులు చొక్కాతో ప్యాంటు గాని వేష్టి గాని ధరించవచ్చునని పేర్కొన్నారు. అయితే ఆ చట్టం ప్రవేశానికి సంబంధించినది. ప్రైవేటు సంస్థ తన ఉద్యోగులకు పెట్టుకొన్న నియమాన్ని చేరే ముందే అడిగి తెలుసుకోవటం మంచిది. మరొకటి, తెల్ల పంచె మీద తెల్ల చొక్కా తొడిగితే తమిళదేశంలో ఎదుటివారు ముందుగా ఏ పార్టీ అని చూస్తారు. 1921 సెప్టెంబరులో గాంధీజీ కొల్లాయి కట్టినది మదురైలోనే అన్నది నిజమే గాని, నేటి ఆఫీసులో అంచు పంచెకు లేత రంగు చొక్కా తగినది.

ఖర్చు మిగుల్చుకోకూడనిది బూట్ల దగ్గర. చొక్కా ఏడాదికి చిరిగినా బాధ లేదు. చవక బూటు అడుగు మూడు వానలకే ఊడుతుంది. నల్లని తోలు బూట్లు, అదే రంగు బెల్టు, నూలు మేజోళ్లు నాలుగు జతలు ఉంటే చాలు. వాన తగిలిన బూట్లను ఎండలో పెట్టక లోపల పాత వార్తాపత్రిక కుక్కి నీడన ఆరబెట్టాలి. తెల్ల చొక్కా కాలరుకు పట్టే పసుపుమురికి వేడినీటితో పోదు. నానబెట్టే ముందే సబ్బు రుద్ది అరగంట వదలాలి. ఇస్త్రీ చేసిన చొక్కా ఒకటి ఆఫీసు సొరుగులో ఉంచుకొనేవానికి బస్సులో టీ ఒలికినా భయం లేదు.

ప్యాంటు కుట్టించేటప్పుడు నడుము వెనుక, కాలి మడతలో రెండేసి అంగుళాల బట్ట వదలమని దర్జీకి చెప్పవలెను. పెళ్లయిన తరువాత ఒళ్లు చేసినా అది పనికివస్తుంది, మూడేళ్ల తరువాత పొడుగెదిగిన తమ్మునికి ఇచ్చినా పనికివస్తుంది.