మీకు తెలుసా? గెలాక్సీల గాదె ఇంటి బయటే ఉంటుంది

కార్తీక మాసం చివర, అమావాస్య రాత్రి, వీధి దీపాలు లేని పొలం గట్టు మీద నిలబడి తలెత్తండి. నడినెత్తికి కాస్త ఉత్తరంగా చిన్న పొగమరక లాంటిది కనిపిస్తుంది. ఆండ్రోమెడా గెలాక్సీ అదే. మనకు 25 లక్షల కాంతి సంవత్సరాల దూరం. మన కంటికి ఆనేది దాని నడిబొడ్డు మాత్రమే. చుట్టూ పరుచుకున్న పలచని వాయువు కూడా కనిపించేదే అయితే, సప్తర్షి మండలానికి మూడింతల వెడల్పున ఆకాశాన్ని కప్పేసేది. ఇంతకీ ఆ వాయువంతా ఎక్కడిది?

• ముందు అది ఎంత పలచనో చూడండి. మనింటి బకెట్ పట్టుకెళ్లి అక్కడ ముంచి తీస్తే, అందులో పడే కణాలను వేళ్ల మీద లెక్కపెట్టేయొచ్చు. వేడి మాత్రం చాలాచోట్ల పది లక్షల డిగ్రీల పైమాటే. అయినా ఆ వేడికి ఏదీ మాడిపోదు. కాకరపువ్వొత్తి రవ్వలు వెయ్యి డిగ్రీలు దాటి ఉంటాయి, చేతి మీద రాలితే చురుక్కుమని ఊరుకుంటాయి. ఇదీ అంతే. వేడి ఉంది, దాన్ని మోసుకొచ్చే సరుకే లేదు.

• ఈ వేడి వాయువు ఉండి తీరాలని 1956లోనే, అది ఎవరికీ చిక్కకముందే, లైమన్ స్పిట్జర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త లెక్కగట్టారు. ఆయన తర్కం ముచ్చటగా ఉంటుంది. మన పాలపుంత ఒక పళ్లెం అనుకోండి. ఆ పళ్లేనికి చాలా ఎత్తున చల్లని మేఘాలు కనిపించాయి. శూన్యంలో వదిలేసిన మేఘం చెదిరిపోవాలి. ఇవి చెదరలేదు. అంటే చుట్టూ ఉన్నదేదో వాటిని అదిమి పట్టుకుంది. అది పలచని, బాగా వేడెక్కిన వాయువే అయి ఉండాలి. దాని ఆనవాళ్లు అతినీలలోహిత కాంతిలో దొరుకుతాయన్నారు. ఆ కాంతిని మన గాలి కిందికి రానివ్వదు. అందుకు టెలిస్కోపునే అంతరిక్షంలో పెట్టాలి. ఆ ఆలోచనను 1946లోనే కాగితం మీద పెట్టిందీ ఆయనే! అలా హబుల్ టెలిస్కోపు 1990లో పైకి వెళ్లింది. ఈ పనికి సరిగ్గా సరిపోయే, కాంతిని రంగులుగా విడదీసే స్పెక్ట్రోగ్రాఫును వ్యోమగాములు దానికి 2009లో బిగించారు. స్పిట్జర్ 1997లోనే కన్నుమూశారు.

• కనిపించని వాయువును పట్టుకునేది ఎలా? పొగమంచు ఎంత దట్టంగా ఉందో ఎదురొచ్చే లారీ హెడ్‌లైటు చెబుతుంది. ఇక్కడ ఆ హెడ్‌లైట్లు క్వేజార్లు, అంటే ఎక్కడో వెనక, చాలా దూరాన జ్వలించే గెలాక్సీ కేంద్రాలు. వాటి కాంతి ఈ వాయువు గుండా వస్తుంటే ఒక్కో మూలకం తన వంతు రంగును మింగేస్తుంది. వర్ణపటంలో ఏ రంగు మాయమైందో చూస్తే దొంగ ఎవరో తెలిసిపోతుంది. ఆండ్రోమెడా వెనకున్న 43 క్వేజార్లతో 2020లో ఇలాగే కొలిచారు. దాని వాయువు 13 లక్షల కాంతి సంవత్సరాల దాకా, కొన్ని దిక్కుల్లో 20 లక్షల దాకా వ్యాపించి ఉంది. పాలపుంత చుట్టూ కూడా ఇలాంటిదే ఉంది కాబట్టి, రెండిళ్ల పెరళ్లు ఈపాటికే కలిసిపోయి ఉంటాయి.

• ఇక పుట్టుపూర్వోత్తరాలు. గెలాక్సీలు పుట్టి పెరిగే తీరును కంప్యూటరులో నడిపి చూసే ‘ఫైర్’ నమూనాలున్నాయి. 2019లో అలాంటి 21 నమూనా గెలాక్సీల చుట్టూ ఉన్న వాయువు ఏ దారిన వచ్చిందో వెనక్కి వెతికారు. మొదటి వాటా, అంటే 60 శాతానికి పైగా వాయువు, గెలాక్సీల మధ్య ఖాళీ నుంచి జారిపడ్డదే. నీరు పల్లమెరుగు, వాయువు గురుత్వాకర్షణనెరుగు!

• రెండో వాటా గెలాక్సీ లోపలిదే, పాలు పొంగినట్టు పొంగి బయట పడ్డది. పెద్ద నక్షత్రాలు పేలినప్పుడు చుట్టూ ఉన్న వాయువును బయటికి ఎగదోస్తాయి. 1.2 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఎం82 గెలాక్సీ ఫొటో చూడండి, పళ్లేనికి పైనా కిందా ఎర్రని పొగలు చిమ్ముతుంటాయి. నాకు ఇంతకన్నా గట్టి సాక్ష్యం మాత్రం ఆక్సిజనే. ఆక్సిజన్ నక్షత్రాల కడుపులోనే తయారవుతుంది. 2011లో హబుల్‌తో వెతికితే, ఇంకా నక్షత్రాలను కంటున్న గెలాక్సీల చుట్టూ అది పుష్కలంగా దొరికింది. కనడం మానేసిన వాటి చుట్టూ అంతంత మాత్రమే.

• మూడోది పొరుగింటి సొమ్ము. పాలపుంత చుట్టూ తిరిగే రెండు మెగెల్లానిక్ మేఘాల నుంచి ఊడివచ్చిన వాయువు ఆకాశంలో పొడవాటి తోకలా వేలాడుతోంది. ఆ మేఘాలు నిజానికి చిన్న గెలాక్సీలు. పెద్దింటివాళ్లు పేదింటి నుంచి లాక్కోవడం అక్కడా ఉందన్నమాట.

• ఇదంతా ఎందుకు పట్టించుకోవాలంటారా? పాలపుంత ఏటా సూర్యుడంత బరువును, కాస్త అటూ ఇటూగా, కొత్త నక్షత్రాలుగా మారుస్తోంది. పళ్లెంలో ఉన్న సరుకుతోనే నెట్టుకొచ్చి ఉంటే అది ఎప్పుడో నిండుకునేది. వెయ్యి కోట్ల ఏళ్లకు పైగా పొయ్యి ఆరలేదంటే, ఈ వాయువు గాదె నుంచి గింజలు దిగుతూనే ఉన్నాయి.

• ఆ గింజల్లో ఒకటి ఇప్పుడు దారిలో ఉంది. నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో చదువుకుంటున్న గెయిల్ స్మిత్ 1963లో దాన్ని కనిపెట్టారు. పేరు స్మిత్ మేఘం, పొడవు 11 వేల కాంతి సంవత్సరాలు. బయటి నుంచి వస్తున్న కొత్త సరుకే అనుకున్నారు చాలాకాలం. 2016లో హబుల్ అందులో, ఆక్సిజన్ లాగే నక్షత్రాల్లో తయారయ్యే గంధకాన్ని పట్టింది. పోపు వాసన పట్టి ఎవరింటి వంటో చెప్పినట్టు, ఇది మన పాలపుంత అంచు నుంచే సుమారు 7 కోట్ల ఏళ్ల కిందట ఎగిరిపోయినదని తేల్చారు. కాదు, దారిలో మన వాయువు కలిసి ఆ వాసన అంటిందని వాదించేవారూ ఉన్నారు. ఎవరిదైతేనేం, సెకనుకు సుమారు 300 కిలోమీటర్ల వేగంతో వచ్చేస్తోంది. మన పళ్లెంలో పడటానికి ఇంకా 3 కోట్ల ఏళ్లు.