మట్టి మిద్దె - వానకు ముందటి పని

2021 అక్టోబరులో గద్వాల జిల్లా అయిజ మండలము కొత్తపల్లిలో, వానకు నానిన ఇల్లు రాత్రివేళ కూలి ఒకే కుటుంబమునకు చెందిన ఐదుగురు మరణించిరి. 2024 వర్షాకాలారంభమున నాగర్‌కర్నూలు సమీపమునందలి వనపట్లలో మట్టి మిద్దె కప్పు కూలి ఒక తల్లియు, ఆమె ముగ్గురు బిడ్డలును అసువులు బాసిరి. ఇవి తుఫాను వార్తలు కావు, భూకంప వార్తలును కావు. కావున ఈ సీమలో ప్రకృతి వైపరీత్యమనగానే నదివైపు మాత్రమే చూచుట చాలదని మేము తలచుచున్నాము.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పల్లెలలో మిద్దె కట్టు తీరు శ్రోతలకు క్రొత్త కాదు. గోడలపై దూలములు, దూలములపై కట్టెలు, ఆపైన ఆకు అలము, అన్నిటికిని పైన మన్ను. వేసవిలో అంత చల్లని ఇల్లు మరియొకటి లేదు. కాని కప్పు కారినప్పుడెల్ల పాత మన్ను తీయకయే చౌడు పోయుట అలవాటు. తాత పోసినది, తండ్రి పోసినది, అంతయు అక్కడనే యుండును. జానెడు మందమున మన్ను నానినచో చదరపు మీటరునకు సుమారు 4 క్వింటాళ్ల బరువు. 12 చదరపు మీటర్ల గదిలో నిద్రించువారి తలలపై దాదాపు 5 టన్నులు!

ఇక క్రింద జరుగునది వేరు. వీధిలో సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారియు రోడ్డు ఎత్తగును, ఇల్లు పల్లమగును. నీరు గోడ మొదట నిలుచును. ఎండిన మట్టిగోడ ఎంత గట్టిదో, తడిసినది అంత బలహీనము. గోడలో దాగిన దూలపు కొనలను చెదలు తినియుండుటయు కలదు. తడి లోపలికి మెల్లగా ఎక్కును గనుక వాన వెలిసిన మరునాడు కూడ గోడ కూలవచ్చును. పైకి సిమెంటు పూత పూసి ఇల్లు బాగుపడినదనుకొనుట పొరపాటు. ఆ పూత లోని తేమను బయటికి పోనీయదు.

1993 సెప్టెంబరు 30న మహారాష్ట్రమున లాతూరు, కిల్లారి ప్రాంతమునందు దాదాపు పదివేలమంది మృతి చెందుటకు ఒక ముఖ్యకారణము ఇట్టి బరువు కప్పులే. మన సీమలో భూకంప భయము స్వల్పమే. అయినను భారత ప్రమాణముల సంస్థ మట్టి ఇండ్లకై అదే యేడు వెలువరించిన 13827వ సంఖ్య ప్రమాణము చదువదగినది.

మరి చేయవలసినదేమి? వేసవిలోనే గ్రామమందలి మిద్దెలన్నిటిని ఒక్కొక్కటిగా చూడవలెను. కప్పు మందమెంత? దూలము వంగినదా? గోడ ఉబ్బినదా? ఆ గదిలో నిద్రించువారెందరు? ఈ కడపటి ప్రశ్నను మేము అన్నిటికంటె ముఖ్యముగా నెంచుదుము. పశువులు లేని పాడు కొట్టముకంటె బిడ్డలు పండుకొను గది ముందు బాగుకావలెను. పాత మన్ను దించి పలుచగా క్రొత్తది పరచి వాలు ఇచ్చుట, నీరు దూరముగా పడునట్లు దోనె అమర్చుట, దూలపు కొనల క్రింద స్తంభములు నిలుపుట, గోడ చుట్టు వాలుగా బండలు పరచుట: వీనిలో ఊరి మేస్త్రి చేయలేనిది ఏదియు లేదు.

తుంగభద్ర యొడ్డున మాట వేరు. 2009 అక్టోబరు వరదలో అలంపురము, రాజోలి మునిగినప్పుడు రోజులతరబడి నీట నిలిచిన మట్టిగోడకు ఏ మరమ్మతును చాలలేదు. అట్టిచోట ఎత్తైన స్థలమునకు తరలుటయే ఉపాయము.

సర్వేకు వచ్చినవారికి పగులు చూపుటకు పేదలు జంకుదురు. ‘శిథిలము’ అని వ్రాసి వెళ్లినచో తామెక్కడికి పోవలెనన్నది వారి భయము, అది న్యాయమైన భయము. కావున నోటీసుతోపాటు, ముసురు పట్టిన రాత్రులు ఆ కుటుంబము పండుకొనుటకు బడియో పంచాయతీ భవనమో ఏదియో నిర్ణయించి, దాని తాళపుచెవి ఎవరివద్ద నుండునో ముందే చెప్పవలెను.